అత్తగారి పేరు మీద తోలిన లోడు

“మరోసారి అడుగుతున్నాను అత్తమ్మా. మీ ఫోనుకి వచ్చిన ఓటీపీ ఎవరికి చెప్పేరు?”

మహాలక్ష్మమ్మ కత్తిపీట మీద ఆనపకాయ తరగడం ఆపలేదు.

“ఏ ఓటీపీ అని సెప్పనే? రోజూ వస్తానే ఉంటాయి. గేసు బండోడు అడిగితే సెప్తాను. మీ ఆయన సెరుకు కోత పర్మిట్టుకని అడిగితే సెప్తాను. దాసుకుని నానేటి సేసుకుంటాను?”

“ఈ మధ్య కొత్తగా ఎవరైనా అడిగేరా?”

“నువ్వడుగుతన్నావు.”

ఇందు నవ్వలేదు. గోడకు చేరగిలబడి అత్తగారి చేతుల వైపు చూస్తూ నిలబడింది. అబద్ధం చెప్పే మనిషి చేతులు తడబడతాయని ఎక్కడో చదివింది. ఈ చేతులు తడబడలేదు. కానీ ఆనపకాయ తరిగే చేతులు దేనికీ తడబడవు.

పొద్దున వచ్చిన మెయిలు లాప్‌టాప్‌లో ఇంకా తెరిచే ఉంది. దాన్ని ఆమె ఇంగ్లీషులో చదివింది, మనసులో తెలుగు చేసుకుంది, మళ్ళీ ఇంగ్లీషులో చదివింది. ఎలా చదివినా అర్థం మారలేదు. ‘పోటీకి మీ ఖాతా నుంచి వచ్చిన జవాబులూ, మహాలక్ష్మి అనే ఖాతా నుంచి వచ్చిన జవాబులూ చివరి అంకె వరకూ ఒక్కటిగా ఉన్నాయి. ఒక మనిషికి ఒకే ఖాతా ఉండాలి. ఇంకొకరి ఖాతాలోంచి జవాబులు పంపకూడదు. ఈ సాయంత్రం ఐదులోగా సంజాయిషీ ఇవ్వండి. లేకపోతే రెండు పేర్లూ తొలగిస్తాం.’

“అయితే నానూ ఆ పోటీలో ఉన్నానేటి?” అంది మహాలక్ష్మమ్మ.

“ఉన్నారు.”

“ఎన్నో నంబరు?”

“నా పక్కనే. ఇద్దరిదీ ఒకే మార్కు.”

“బాగుందే. అత్తాకోడళ్ళు ఒక్క మాట మీద ఉన్నారని ఊరంతా అనుకుంటారు.”

ఆమె నోరారా నవ్వింది. ఆ నవ్వు నిజమైనదా, లేక ఏదో కప్పిపుచ్చడానికా అని ఇందు లెక్కగడుతోంది. అలా లెక్కగడుతున్నందుకు తనమీద తనకే ఏవగింపు కలిగింది. అయినా లెక్కగట్టడం మానలేదు.

చెరుకు తోటల మీద పోటీ అది. విశాఖలోని ఒక కంపెనీ పెట్టింది. తోట వివరాలు వాళ్ళిస్తారు: చెరుకు రకం, నాటిన నెల, కొత్త మొక్క తోటా, కొట్టిన దుబ్బుల నుంచి మళ్ళీ మొలిచిన కార్శి తోటా, నేల, వాన. కోత కొట్టకముందే ఎకరాకి ఎన్ని టన్నులు దిగుతుందో చెప్పగలిగే మోడల్ కంప్యూటర్‌లో తయారుచేయాలి. జవాబుల ఫైలు వెబ్‌సైట్‌కి పంపితే ఎంత దగ్గరగా వచ్చామో మార్కు చూపిస్తుంది. రోజుకు మూడుసార్లే పంపనిస్తుంది.

మోడల్ అంటే ఏమిటో మొన్న వానాకాలందాకా ఇందుకు తెలియదు. చీడికాడలో పుట్టి, లెక్కలు ప్రధానంగా డిగ్రీ చదివి, పెళ్ళయ్యాక చోడవరం వచ్చి, ఆ లెక్కలన్నీ మరిచిపోయిన మనిషి. ఆడపడుచు దేవిశ్రీ విశాఖలో ఉద్యోగం చేస్తోంది. ఆ పిల్లే ఫోన్లో ఒక్కొక్కటీ నేర్పింది. “ఊరికే సరదాకి ఎయ్యి వదినా, పోయేదేటి?” అంది. సరదాగా మొదలైనదే. ఇవాళ పందొమ్మిదో స్థానంలో ఉంది.

మొదటి పాతికమందిని విశాఖ పిలుస్తారు. ఆరునెలలు పని నేర్పించి, జీతమిచ్చి, నచ్చితే ఉంచుకుంటారు.

ఈ ముక్క ఇందు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పేరు వచ్చాక చెబుదాంలే అనుకుంది. రాకపోతే చెప్పనక్కర్లేదు కదా అని కూడా అనుకుంది. ఒక మాట దాచుకుని ఇంట్లో తిరిగే మనిషికి మిగతావాళ్ళందరూ ఏదో దాస్తున్నట్టే కనిపిస్తారని ఆమెకు ఈ మధ్యే తెలిసివచ్చింది.

వీధిలో ట్రాక్టరు ఆగింది.

సంతోష్‌కుమార్ ఫ్యాక్టరీ యార్డులో చెరుకు లోడుని వరసలో వదిలేసి, ఇంజను మాత్రం తీసుకుని భోజనానికి వచ్చాడు. క్రషింగ్ సీజనులో అతని ఒంటికి ఎప్పుడూ చెరుకాకు దుమ్మే. తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ లోపలికొచ్చి, తల్లి మొహమూ భార్య మొహమూ చూసి ఆగాడు.

“ఏటైంది? ఎవరైనా పోయేరా?”

“మీ ఫోనుకి పొద్దున మెయిలొచ్చింది కదండీ,” అంది ఇందు.

పెళ్ళైన కొత్తలో ఆమె మెయిల్ ఖాతా అతని ఫోనులోనే తెరిచారు. అప్పట్నుంచి ఆమెకు ఏది వచ్చినా ఇద్దరి ఫోన్లూ ఒకేసారి మోగుతాయి. ఎవరూ దాన్ని మార్చలేదు. మార్చాలనిపించే అవసరం ఇన్నాళ్ళూ రాలేదు.

“వచ్చుంటాది. నీయి సానా వస్తాయి. నాను సూడను.”

“ఇది చూడలేదా?”

“కాటా కాడ ఉన్నాను ఇందూ. ముందు అన్నం పెట్టు.”

పెట్టింది. అతను రెండు ముద్దలు తినేవరకూ ఆగింది. ఆ ఆగడం కూడా ఒక ఎత్తే అని ఆమెకు తెలుసు. ఆకలి తీరుతున్న మనిషి జాగ్రత్తగా ఉండడు.

“అత్తమ్మ పేరు మీద ఖాతా తెరిచింది మీరేనా?”

“ఊఁ. నానే.”

అంత తేలిగ్గా వస్తుందని ఆమె అనుకోలేదు. పొద్దుటి నుంచి కూడగట్టుకున్న ప్రశ్నలన్నీ ఒక్కసారిగా పనికిరాకుండా పోయాయి.

“నా ఫైలు అందులో పంపింది కూడా?”

“నానే ఏసేను. సారు పొయ్యమ్మా,” అని కంచం తల్లి వైపు జరిపాడు. “ఆ దినం నువ్వు ఏటి సెప్పేవు? మూడుసార్లూ అయిపోయినాయి, ఇంకో ఫైలు తయారుగుంది, అది బాగుందో లేదో రేపటిదాకా తెలీదు అని మొహం వేలాడేసుకుని కూకున్నావు. నువ్వు నీళ్ళకెల్లినప్పుడు లాప్‌టాప్ తీసి, అమ్మ పేరు మీద తోలేసేను. బాగానే మార్కొచ్చింది. తెల్లారి నువ్వూ అదే ఫైలు ఏసుకున్నావు. ఇంకేటి సెప్పాలి?”

“తోలేసేరా?”

“మరి? మన పర్మిట్టు అయిపోతే సిన్నాన్న పర్మిట్టు మీద తోల్లేదేటి? ఆళ్ళదయిపోతే మన పేరు మీద ఆళ్ళు తోల్లేదేటి? దాందేటుంది?”

“దాందేటుంది,” అంది మహాలక్ష్మమ్మ కూడా, చారు పోస్తూ. “సెరుకెవరిదైనా సెరుకే. ఎండిపోకుండా గానుగలో పడాలి గానీ.”

ఇందుకు నవ్వు వచ్చింది. నవ్వుతో పాటు కళ్ళల్లో నీళ్ళు కూడా. ఈ ఊళ్ళో ఏ రైతింట్లో అడిగినా ఇదే మాట చెబుతారు. ఫ్యాక్టరీ ఇచ్చే కోత పర్మిట్టు ఒకరి పేరున, చెరుకు ఇంకొకరిది. అది తప్పని ఎవరికీ తోచదు. తోచకపోగా, అలా పేరు ఇవ్వనివాడే చుట్టం కాదంటారు. ఆ లెక్కన భర్త ఆమెకు చుట్టరికం చేశాడు.

“అది తప్పండీ. ఇద్దరి పేర్లూ తీసేస్తారట.”

“తీసేస్తారా?” అతను తినడం ఆపాడు. “మనింట్లో మనం ఏసుకుంటే ఆళ్ళకేటి?”

“ఎవరికి వాళ్ళే వెయ్యాలి. అది రూలు.”

“నాకేటి తెలుసు రూలు? రాసీ. మా ఆయన తెలివితక్కువోడు, తెలీక ఏసేడు అని రాసీ.”

“అలా రాయను.”

“రాయి. నిజమే కదా,” అని చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

ఆమె లాప్‌టాప్ ముందు కూర్చుంది. ఇంగ్లీషు వాక్యాలు మెల్లగా కూడబలుక్కుని రాసింది. ‘మహాలక్ష్మి మా అత్తగారు. ఆమెకు ఈ పోటీ సంగతి తెలియదు. నాకు తెలియకుండా నా భర్త ఆమె పేరుతో ఖాతా తెరిచి నా ఫైలు పంపారు. నా భర్తకు ఈ నియమం తెలియదు.’ చివరి వాక్యం రాశాక మనసు కుదుటపడింది. దాన్ని మరోసారి చదువుకుంది. మంచి వాక్యం. భర్తను కాపాడుతోంది, తననూ కాపాడుతోంది.

అతను వాకిట్లో ట్రాక్టరు చక్రాల్లో ఇరుక్కున్న ఆకు లాగుతున్నాడు. ఏదో కూనిరాగం తీస్తున్నాడు కూడా. ఇంత పెద్ద ప్రమాదం తెచ్చిపెట్టిన మనిషి కూనిరాగం తీస్తాడా? ఏమీ తెలియని మనిషైతే తీస్తాడు. అన్నీ తెలిసిన మనిషైనా తీస్తాడు.

ఆ ఆలోచన ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకు అర్థం కాలేదు. వచ్చాక మాత్రం పోలేదు.

దేవిశ్రీకి ఫోన్ చేసింది. చేతులు ఖాళీగా ఉండాలని స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచింది.

“వదినా, నువ్వు నిజం రాసీ, అంతే,” అంది దేవిశ్రీ అంతా విని. “తెలీక చేసినదైతే ఒక్కోసారి వదిలేస్తారు. తెలిసి చేసేరని తేలితే మాత్రం వదల్రు. అన్నయ్యకి తెలీదు కదా?”

“తెలీదన్నారు.”

“అదేటి? నేను చెప్పేననుకున్నానే. ఒకరి ఫైలు ఇంకొకరు ఎయ్యకూడదని…” ఆ పిల్ల ఆగింది. “లేదులే. నీకు చెప్పేనేమో. ఎవరికి చెప్పేనో గుర్తులేదు వదినా. ఆ రోజు ఇంటికి ఫోన్ చేసి విశాఖ సంగతంతా చెప్తన్నప్పుడు మాటల్లో అన్నానేమో.”

ఇందు మౌసు వదిలి ఫోను దగ్గరకు వంగింది.

“విశాఖ సంగతి ఎవరికి చెప్పేవు?”

“అమ్మకీ, అన్నయ్యకీ. వదినకి పాతికలోపు వస్తే ఇక్కడ ఉద్యోగం అని. నువ్వు చెప్పలేదేటి?”

ఇందు ఫోను పెట్టేసింది.

వంటింటి గుమ్మంలో మహాలక్ష్మమ్మ నిలబడి ఉంది. చేతిలో గంటె. ఆమె ఎంతసేపటి నుంచి అక్కడుందో తెలియదు.

“మీకు తెలుసా అత్తమ్మా?”

“ఇనపడింది. ఆడు ఫోను గట్టిగా పెట్టుకుని మాటాడతాడు కదా.” ఆమె గంటెను చూసుకుంటూ అంది. “నువ్వు సెప్పలేదు. నువ్వు సెప్పనిది నానెందుకడగాలి? సెప్పుకుంటాది, సెప్పినప్పుడు సెప్తాదిలే అనుకున్నాను.”

“అది ఎప్పుడు?”

“ఏ దినమో నాకేటి గురుతు.” ఆమె కాసేపు ఆలోచించింది. ఆ ఆలోచనలో ఏ కల్మషమూ లేదు. అదే ఇందును భయపెట్టింది. “ఆ ఓటీపీ సెప్పిన దినమేనే. దేవి ఫోను పెట్టేసింది. ఆడు సానాసేపు అరుగు మీద కూకున్నాడు, మాటాడకుండా. అప్పుడొచ్చి, అమ్మా నీ ఫోనుకి ఓటీపీ వస్తాది సెప్పు అన్నాడు. పర్మిట్టుకే అనుకున్నాను.”

ఇందు కళ్ళు మూసుకుంది.

మొదట్లో ఆమె తయారుచేసిన ఒక మోడల్ పాత తోటలన్నిటికీ తూకం వేసినట్టు సరిపోయింది. ఒక్క తోట తప్పలేదు. ఎగిరి గంతేసి దేవిశ్రీకి ఫోన్ చేస్తే ఆ పిల్ల నవ్వింది. “పాతవాటికి అంతలా సరిపోతే సంబరపడకు వదినా. అనుమానించు. అది తోటల గురించి ఏమీ నేర్చుకోలేదు, ఉన్నవి బట్టీ పట్టింది. కొత్త తోట ఇచ్చి చూడు, బోల్తా పడతాది.” ఇచ్చి చూసింది. పడింది.

ఇప్పుడు పాత రోజులన్నీ వరసగా వచ్చి నిలబడుతున్నాయి. ఆమె లాప్‌టాప్ తెరిచిన ప్రతిసారీ అతను టీ అడగడం. “ఎంతదాకా వచ్చింది నీ సెరుకు?” అని నవ్వుతూ ఆరా తీయడం. దేవిశ్రీ పండగకి రాలేనందని తెలిసినప్పుడు, “విశాఖ ఎల్లినోళ్ళు ఇంతే” అనడం. తనను విశాఖ వెళ్ళనివ్వకూడదనే అతను ఇదంతా చేశాడన్న అనుమానానికి అన్నీ సరిపోతున్నాయి. ఒక్కటీ తప్పడం లేదు.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. పోయిన సీజనులో అతనితో ట్రాక్టరు మీద ఫ్యాక్టరీకి వెళ్ళింది. కాటా దగ్గర గుమాస్తా, “ఎవరిదీ లోడు?” అన్నాడు. “మా సిన్నాన్నది,” అన్నాడు సంతోష్. రెప్ప కూడా వెయ్యలేదు. ఆ చెరుకు తమదేనని, దాని కట్టలు దగ్గరుండి మోయించిన ఇందుకు తెలుసు. అప్పుడు ఆమె అతన్ని చూసి ముచ్చటపడింది.

“టోకెను మర్సిపోయేను,” అంటూ అతను లోపలికి వచ్చాడు.

అతను గూట్లోంచి ఫ్యాక్టరీ వరస టోకెను తీసి జేబులో పెట్టుకున్నాడు. వెళ్ళబోయి ఆగాడు. తల్లి వంటింట్లోకి తప్పుకుంది.

“విశాఖ సంగతి మీకు తెలుసా?”

“తెలుసు.”

“ఎప్పట్నుంచి?”

“నువ్వు నాకు సెప్పకుండా ఉన్నప్పట్నుంచి.”

ఆమె ఆ దెబ్బ ఓర్చుకుంది. అది తనకు రావలసిందే.

“పేరొచ్చాక చెబుదామనుకున్నాను.”

“వచ్చాకేటి సెప్తావు? బట్టలు సర్దుకున్నాక సెప్తావా?”

“వద్దంటారని భయమేసింది.”

“అడగకుండానే వద్దంటానని నీకు తెలిసిపోయింది.” అతను తువ్వాలు భుజం మార్చుకున్నాడు. “నీ మోడలు సెప్పిందేటి?”

“దేవి ఆ ఫోన్లోనే రూలు కూడా చెప్పిందా? ఒకరిది ఒకరు ఎయ్యకూడదని?”

“దేవి సానా సెప్తాది. అన్నీ ఇంటానేటి?”

“ఇది విన్నారా?”

అతను జేబులోని టోకెను తడుముకున్నాడు. వంటింట్లో గంటె చప్పుడు ఆగిపోయింది.

“ఇనలేదంటే నమ్ముతావా?”

ఆమె అతని కళ్ళలోకి చూసింది.

“నమ్మవు,” అన్నాడతను, కోపం లేకుండా. “ఇన్నానంటే ఇప్పుడే నమ్మేస్తావు. మరింక నన్నడగడం దేనికి?”

“నమ్మాలనే అడుగుతున్నాను.”

“నమ్మాలనుకునేవోళ్ళు అలా సూడరు ఇందూ. కాటా కాడ గుమాస్తా సూస్తాడు అలాగ.”

ఆమె చూపు దించుకుంది. లాప్‌టాప్ తెర అతని వైపు తిప్పింది.

“ఇది చదవండి. చివరి ముక్క. మీకు రూలు తెలీదని రాసేను. ఇది ఉంచమంటారా?”

అతను వంగి చదివాడు. పెదవులు కదులుతున్నాయి. ఇంగ్లీషు చదివేటప్పుడు అతని పెదవులెప్పుడూ కదులుతాయి. చదవడం అయిపోయాక కూడా అలాగే వంగి ఉన్నాడు. ఉంచు అంటాడని ఆమె ఎదురుచూసింది. తీసెయ్యి అంటాడని కూడా ఎదురుచూసింది. రెంటిలో ఏదైనా ఆమెకు చాలు.

“అది నీ ఉత్తరం. నీ పేరు. నీకేది నిజమనిపిస్తే అది రాసుకో,” అని నిటారుగా లేచాడు. “నా టోకెను పిలిచేస్తారు.”

వాకిట్లో ఇంజను స్టార్టయింది. కిటికీ ఊచలు సన్నగా అదిరాయి.

మహాలక్ష్మమ్మ గుమ్మంలోకి వచ్చింది. “రాసీవే అమ్మా. ఆడికి తెలీదనే రాసీ. మాట పోనీకు.”

“ఎవరి మాట అత్తమ్మా?”

ఆమె మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇందు ఆ వాక్యం వైపు చూసింది. నా భర్తకు ఈ నియమం తెలియదు. దాన్నలాగే పంపితే పేరు నిలబడొచ్చు. విశాఖ పిలవొచ్చు. అప్పుడామె అక్కడికి తీసుకెళ్ళేది ఈ వాక్యాన్నే. అది అబద్ధమైతే అతనికొక్కడికే తెలుస్తుంది. ఎప్పటికీ. ఆమెకు మాత్రం తెలియదు. కాటా దగ్గర అతను పేరు మార్చి చెప్పినంత తేలికగా, ఈసారి ఆమె రెప్ప వెయ్యకుండా చెప్పినట్టవుతుంది.

పూర్తిగా తీసేస్తే అది నేరారోపణ. ఆమె దగ్గర ఉన్నది బట్టీ పట్టిన పాత రోజులు మాత్రమే. కొత్త తోట మీద అది బోల్తా పడొచ్చు.

ఆమె వేలు ఒక్కో అక్షరాన్నీ చెరిపింది. ఆ ఖాళీలో మళ్ళీ రాసింది. ‘నా భర్తకు ఈ నియమం తెలుసో తెలియదో నాకు తెలియదు.’

ఇన్నాళ్ళ కాపురంలో తాను రాసిన పూర్తి నిజం ఇదొక్కటే అనిపించింది. అంతకంటే క్రూరమైనది కూడా ఇంకోటి లేదనిపించింది.

పంపేసింది.

పంపిన మరుక్షణం బల్ల మీద ఫోను మోగింది. కంపెనీ యంత్రం దానంతటదే ఇచ్చే జవాబు. ‘మీ సంజాయిషీ అందింది. పరిశీలించి తెలియజేస్తాం.’ దాని కింద, ఆమె రాసినదంతా మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా మళ్ళీ వేసి ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. ఆమెకు ఏది వచ్చినా రెండు ఫోన్లూ ఒకేసారి మోగుతాయి.

లేచి కిటికీ దగ్గరకు వెళ్ళింది. ట్రాక్టరు వీధి మలుపు దాకా వెళ్ళిపోయి ఉంది. ఇంజను చప్పుడులో ఫోను మోత వినపడదు. నీయి సానా వస్తాయి, నాను సూడను అన్నాడు కదా. చూడడు. పొద్దున్న చూడలేదంటే ఇప్పుడూ చూడడు. చూస్తే, పొద్దున్నా చూసినట్టే.

మలుపు దగ్గర ట్రాక్టరు నెమ్మదించింది.

ఇంజను ఆగిపోయింది.

అతను దిగలేదు. వెనక్కి తిరిగి ఇంటి వైపు చూడలేదు. సీటు మీద తల వంచుకుని కూర్చున్నాడు. ఇంత దూరం నుంచి ఆమెకు వీపు తప్ప ఏమీ కనబడడం లేదు. పెదవులు కదులుతున్నాయో లేదో తెలియడం లేదు.